మీటరు గోడ నుంచి పద్దెనిమిది అడుగులు

“నీ గుడారం పటంలో గీతకి అవతలుందా, నాది ఇవతలుందా? ఇద్దరి తాళ్లూ ఒకే మేకుకి కట్టాం కదయ్యా! గీత ఆ మేకుని చీల్చుకుంటూ పోయిందా?”

పక్క గుడారం ఉమ్ గాలిబ్ అరుపులకి చుట్టుపక్కల గుడారాల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఆ పొద్దున సైన్యం ఫోన్లకి పటం పంపింది. గాజా అంతా నంబర్లేసిన ముక్కలు. ఎర్రరంగు ముక్కల్లో ఉన్నవాళ్లు సాయంత్రంలోగా ఖాళీ చెయ్యాలి.

“పటంలో రోడ్డుంది, ఇక్కడ ఇసుకే ఉంది. నేనేం చెప్పను?” అన్నాడు హిల్మీ.

“ఇరవయ్యారేళ్లు ఇళ్ల నంబర్లు రాసుకుని బతికావు. నీ నంబరు నీకే తెలీదా?”

“నీ గుడారానికి కరెంటు మీటరు పెట్టించమ్మా, చెప్తాను. బిల్లు కూడా ఇస్తాను.”

ఎవరో నవ్వారు. ఉమ్ గాలిబ్ నవ్వలేదు. దుప్పట్లు మూటగట్టడం మొదలుపెట్టింది.

హిల్మీ వాళ్ల అన్న కొడుకు వాయిల్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. తెర మీద నీలం చుక్క ఒకచోట నిలవడం లేదు. కాసేపు దేర్ అల్ బలా ఊళ్లో, కాసేపు సముద్రంలో.

“మనం ఎరుపులో ఉన్నామా?”

“ఉన్నట్టే ఉంది బాబాయ్.”

“అయితే పోదాం.” ఇలా గుడారం ఎత్తడం ఇది ఆరోసారి. హిల్మీ గొంతులో భయం లేదు, విసుగూ లేదు.

యుద్ధానికి ముందు అతను ఉత్తరాన షుజాయియా పేటలో కరెంటు మీటరు రీడింగులు తీసేవాడు. రోజుకి నాలుగు గంటలే కరెంటుండే ఊళ్లో అదేం ఉద్యోగమని భార్య నజాత్ ఎగతాళి చేసేది. కొందరు టీ ఇచ్చేవాళ్లు, కొందరు తలుపు తీసేవాళ్లు కాదు. మనుషుల పేర్లు మర్చిపోయేవాడు గానీ, ఎవరి మీటరు ఏ గోడకుందో మర్చిపోయేవాడు కాదు.

నజాత్ నిరుడు చలికాలంలో, పారిపోయి వస్తుంటే షుజాయియా దాటకముందే దారిలో పోయింది. శ్మశానానికి వెళ్లే వీల్లేదు. ఒక ఇంటి వెనక ఖాళీ జాగాలో పూడ్చారు. తల దగ్గర పెట్టడానికి రాయి దొరకలేదు. “ఫోనులో గుర్తు పెట్టరా” అన్నాడు హిల్మీ. వాయిల్ తెర చూడకుండానే నొక్కి పరుగెత్తాడు.

మూడు రోజుల తర్వాత చూస్తే ఆ గుర్తు కైరో విమానాశ్రయంలో ఉంది. ఉపగ్రహాల నుంచి ఫోన్లకి వచ్చే సంకేతాల్ని సైన్యం చెడగొట్టిన రోజులవి. అందరి ఫోన్లూ అలాగే చూపించాయి. వాయిల్ ఆ సంగతి చెప్పలేదు. హిల్మీ కళ్లద్దాలు ఆ పరుగులోనే పగిలాయి, తెర అతనికి ఆనదు. వారానికోసారి అడిగేవాడు.

“ఉందిగా?”

“ఉంది బాబాయ్.”

ఇవాళ గుడారం తాళ్లు విప్పుతూ మళ్లీ అడిగాడు. “ఇంకా దక్షిణానికి పోతున్నాం. గుర్తు దగ్గర ఏం రాసుందో ఒకసారి చదువు.”

వాయిల్ చదివాడు. దాయడానికి ఓపిక లేక చదివాడు.

హిల్మీ తాడు వదిలి తలెత్తాడు. “కైరోనా? ఆవిడకి పాస్‌పోర్టే లేదు.” మళ్లీ ముడి విప్పసాగాడు. “పైనుంచి తీసిన ఫోటో ఉంటుందే, అది తియ్యి. మసీదు దాటాక మూడో సందు. ఎడమవైపు రెండోది ఇస్కందర్ వాళ్లిల్లు. మీటరు వెనక గోడకి, మోకాలెత్తులో ఉంటుంది. ఎప్పుడూ వంగి చూడాల్సొచ్చేది. అక్కణ్ణుంచి ఆలివు చెట్టు వైపు పద్దెనిమిది అడుగులు.”

“నీకెలా తెలుసు?”

“ఆవిణ్ణి మోస్తూ లెక్కపెట్టాను. అలవాటు.”

వాయిల్ వేలితో వెతికి కొత్త గుర్తు పెట్టాడు. ఫోటోలో ఇల్లుంది. మేడ మీద నీళ్ల ట్యాంకుంది, ఆరేసిన బట్టలున్నాయి.

“ఎప్పటి ఫోటో అది?”

“యుద్ధానికి ముందుది.”

హిల్మీ తలూపాడు. మేకు పీకి, ఇసుక దులిపి, సంచిలో వేశాడు.

“ఉత్తరానికి దారి తెరిచాక నువ్వే ముందు వెళ్లు వాయిల్. ఆ మీటరు గోడ ఇంకా ఉంటే వచ్చి నన్ను తీసుకెళ్లు. లేకపోతే వచ్చి టీ పెట్టు. నేనేం అడగను. నువ్వూ ఏం చెప్పకు.”