ఎంబసీ ఫారంలో తొమ్మిదో నెల

కరోనా వచ్చి విమానాలు ఆపేసినప్పుడు మా చెల్లికి ఆరో నెల. వాళ్ళాయన మస్కట్‌లో ఒక కంపెనీలో స్టోర్స్ చూసేవాడు, తనూ అక్కడే ఉండేది. ఏడో నెలలో మా ఊరు కంకిపాడు తీసుకొచ్చి, సీమంతం చేసి, తొలి పురుడు అమ్మ దగ్గరే పోయించాలని అనుకున్నాం. టిక్కెట్టు కూడా కొన్నాం. ఆ టిక్కెట్టు ఏమైందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. రద్దయిందని ఒక మెసేజ్, వాయిదా పడిందని ఇంకో మెసేజ్ ఒకే రోజు వచ్చాయి.

నేను విజయవాడలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతాను. లెక్కల టీచరుకి లోకంలో అన్నీ అర్థమవుతాయని మా ఇంట్లో ఒక నమ్మకం. అందుకే చెల్లిని రప్పించే పనంతా నా నెత్తిన పడింది. ఆ రోజుల్లో వచ్చిన ఉత్తర్వులు అర్థం చేసుకోవడం మాత్రం నా వల్ల కాలేదు. విదేశీ విమానాలన్నీ బంద్ అన్నారు. ప్రభుత్వమే ప్రత్యేక విమానాలు పంపుతోందన్నారు. అవి గన్నవరం వస్తాయని పొద్దున, కాదు హైదరాబాదుకే అని సాయంత్రం చెప్పేవారు. ఛార్జీ ప్రభుత్వమే పెట్టుకుంటుందని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన పెట్టాడు. మనమే కట్టుకోవాలని గంట తర్వాత ఆయనే పెట్టాడు. దిగినవాళ్ళని పద్నాలుగు రోజులు హోటల్లో ఉంచుతారట, గర్భిణుల్ని మాత్రం ఇంటికి పంపిస్తారట. ఆ 'అట'లు వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతా చేసి, మస్కట్ నుంచి మనిషిని రప్పించాలని చూస్తున్న నాకు బెంజి సర్కిల్ దాటి కంకిపాడు వెళ్ళాలంటే పోలీసుల పాసు కావాలి. అమ్మతో మాటలన్నీ ఫోన్లోనే. నాన్న పోయాక అమ్మ టీవీ సౌండు పెంచి మరీ చూస్తోంది. ఒకరోజు విమాన కంపెనీలు దెబ్బతిన్నాయి, ప్రభుత్వం వాటిని ఆదుకోవాలని చర్చ పెట్టారట. వెంటనే నాకు ఫోన్ చేసింది. విమానాలు ఆపిందీ వాళ్ళే, ఆగిపోయినందుకు ఆదుకునేదీ వాళ్ళేనా, మరి మన పిల్లనెవరు ఆదుకుంటారు అని అడిగింది. నేను విసుక్కున్నాను. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముందో ఇప్పటికీ నాకు తోచలేదు.

చివరికి ఎంబసీ వాళ్ళ ఫారం ఒకటి ఆన్‌లైన్లో వచ్చింది. ఉద్యోగం పోయినవాళ్ళకి, జబ్బున్నవాళ్ళకి, గర్భిణులకి ముందు సీట్లిస్తారట. చెల్లి తరఫున నేనే నింపడం మొదలుపెట్టాను. పేరు, పాస్‌పోర్టు నంబరు అన్నీ సజావుగానే సాగాయి. గర్భిణి అయితే ఎన్నో నెల అన్న గడి దగ్గర ఆగాను. అప్పటికి చెల్లికి ఎనిమిదో నెల వచ్చింది.

ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్లని గడప దాటించరు మా ఇళ్ళల్లో. ఏడులో తేవాలి, లేదంటే తొమ్మిది వచ్చేదాకా ఆగాలి. మా అమ్మయితే ఆ అంకె నోటితో పలకదు కూడా. ఫారం సంగతి చెప్పగానే కంగారుపడింది.

"అదని మాత్రం రాయమాకే. కాగితం మీద కూడా వద్దు. ఆ విమానం వచ్చేసరికి ఎటూ తొమ్మిది వస్తది. తొమ్మిదని పెట్టు."

నాకు ఇలాంటి పట్టింపులు లేవు. నిజం చెప్పాలంటే, లేవని అనుకునేదాన్ని. అమ్మ మాట కొట్టేయలేకపోయాను, దానికి తోడు నా తెలివితేటలు కూడా కలిశాయి. నెలలు నిండుతున్నకొద్దీ తొందరగా సీటిస్తారు కదా అనుకున్నాను. తొమ్మిది అని కొట్టి పంపేశాను.

పది రోజులకి ఎంబసీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. తెలుగావిడే, ఎంతో మర్యాదగా మాట్లాడింది. ఆ వారం గన్నవరం వచ్చే విమానానికి చెల్లి పేరు పరిశీలించారట, తొమ్మిదో నెల అని ఉండటంతో తీసేశారట.

"ఎనిమిదో నెల అయితే డాక్టరు లెటరుతో ఎక్కనిచ్చేవాళ్ళండీ. తొమ్మిదంటే విమానం వాళ్ళు ఒప్పుకోరు."

ఎనిమిదేనండీ అన్నాను. మరి తొమ్మిదని ఎందుకు రాశారని అడిగింది. ముప్పై మంది పిల్లలకి లెక్కలు చెప్పే నేను, అంకె పొరపాటున పడిందండీ అన్నాను. డాక్టరు లెటరు పంపమంది. చెల్లి వాళ్ళు తిరిగి తిరిగి అది సంపాదించేసరికి లిస్టు అయిపోయింది. తర్వాతి విమానం ఖరారయ్యేనాటికి చెల్లికి నిజంగానే తొమ్మిదో నెల వచ్చింది.

సీట్లు నిండిపోయాయని అమ్మకి చెప్పాను. అమ్మ ప్రభుత్వాన్ని తిట్టింది. సిగ్గులేకుండా నేనూ వంత పాడాను. వాళ్ళ కంప్యూటర్లో ఏదో పొరపాటు జరిగిందని చెల్లికి చెప్పాను.

చెల్లికి అక్కడే ఆడపిల్ల పుట్టింది. కరోనా అని భర్తని కూడా ఆసుపత్రి లోపలికి రానివ్వలేదు. నొప్పులు పడుతున్నప్పుడు తెలుగులో పలకరించే మనిషి ఒక్కరూ లేరని తర్వాత ఫోన్లో చెప్పింది. ఏడవలేదు, ఊరికే చెప్పింది.

పోయిన వేసవిలో పిల్లని తీసుకుని కంకిపాడు వచ్చింది. మధ్యాహ్నం వరండాలో ఇద్దరం పచ్చడికి మామిడికాయ ముక్కలు తుడుస్తుంటే, ఇక దాచలేక చెప్పేశాను. కంప్యూటరు కాదు, నేనే తొమ్మిదని రాశానన్నాను. చెల్లి తలెత్తలేదు. చేతిలో ముక్కని రెండోసారి తుడిచింది.

"తెలుసక్కా. నువ్వు పంపిన రోజే ఆ ఫారం కాపీ నాకూ వచ్చింది. మార్చుకునే వీలు కూడా ఉంది. చెరిపేశాను. కానీ ఎనిమిదని కొట్టటానికి చెయ్యి రాలేదు. భయమేసింది. మళ్ళీ తొమ్మిదే పెట్టేశాను."

అన్నేళ్ళూ నేనొక్కదాన్నే మోశాననుకున్న తప్పు ఎవరిదో నాకు ఒక్కసారిగా తెలియకుండా పోయింది. కోపం రావాలో, ఊపిరి పీల్చుకోవాలో కూడా తేలలేదు. లోపల అమ్మ మనవరాలికి జడ వేస్తూ, గవర్నమెంటోళ్ళు విమానం ఇయ్యకపోబట్టే నువ్వు ఆ దేశంలో పుట్టావని చెబుతోంది. మేమిద్దరం విన్నాం. ఇద్దరిలో ఎవరమూ లేచి లోపలికి వెళ్ళలేదు.