స్వస్థలం అన్న గడిలో

మెడికల్ కాలేజీ దరఖాస్తులో స్వస్థలం అని ఒక గడి ఉండేది. అందులో మా జమీ ఊరి పేరు రాశాను. మా ఇంట్లో ఎవరు ఏ కాగితం నింపినా అదే రాస్తారు. రేషన్ కార్డు మీద కూడా నాన్న అదే రాయమంటే, గుమాస్తా ఒప్పుకోక మద్రాసు రాయపురంలోని మా వీధి పేరు రాశాడు. నాన్న ఆ కార్డును ఎన్నడూ చేత్తో ముట్టుకోలేదు.

ఆ ఊరు నెల్లూరు జిల్లాలో ఉంది. మా తాత దావా కోసం మద్రాసు వచ్చి, దావా తెగక ఇక్కడే ఉండిపోయాడు. అక్కడ మిగిలిన కాస్తా జమీందారీల రద్దుతో పోయింది. నేను ఆ ఊరిని కంటితో చూడనైనా లేదు.

దరఖాస్తు ఇచ్చి వచ్చిన కొన్నాళ్ళకు మా మేనమామ దిగాడు. హార్బరులో గుమాస్తా. ఎవరింట్లో ఏది చెడిందో వాసన పట్టడంలో ఆయనకు సాటి లేరు. కాఫీ గ్లాసు అందుకుంటూనే అడిగాడు.

"ఊరేమని రాసినావురా?"

చెప్పాను.

"అడ పాపీ! అది ఇప్పుడు ఆంధ్రా గదరా! రాష్ట్రం విడిపోయిన కబురు మీ మేడ మీదికి ఇంకా ఎక్కలేదా? ఈడ సీట్లు ఈడోళ్ళకే ముందు. నీ కాగితం బయటోళ్ళ కట్టలో పడుంటుంది, పో."

అని నవ్వాడు. ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ రోత. కానీ ఆయన చెప్పింది నిజం. నాకు వైద్యం మీద మమకారమేమీ లేదు. ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేని చదువు అదొక్కటే అనిపించింది. అది తప్పిపోతే హార్బరులో మేనమామ పక్కన ఒక స్టూలు నాకోసం సిద్ధంగా ఉంది. ఆ మాట ఆయనే చెప్పాడు, గర్వంగా.

మర్నాడు కాలేజీ ఆఫీసుకు వెళ్ళాను. నోటి నిండా తమలపాకు ఉన్న గుమాస్తా నా ముఖం వైపు చూడకుండానే మాట్లాడాడు.

"ఇచ్చింది ఇచ్చినట్టే తంబీ. మార్చాలంటే నువ్వు ఈ ఊరోడివేనని తాసీల్దారు కాడ సర్టిఫికెట్ తీసుకురా. సెలెక్షన్ మొదలైనాక తెస్తే మాత్రం ఈడికి రావద్దు."

తాసీల్దారు ఆఫీసులో ఇంకో మెట్టు కిందికి దిగమన్నారు. వేరే ఊళ్ళో మాకు ఇల్లూ వాకిలీ లేవని, మద్రాసే మా ఊరని నాన్న ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. వీధిలో చాలాకాలంగా ఉన్న మనిషి ఒకడు వచ్చి సాక్ష్యం చెప్పాలి.

"మాది ఆ ఊరు కాదని నా చేత్తో నేను రాసివ్వాలా?" అన్నాడు నాన్న.

"కాదని కాదు బావా, ఆడ మనకేమీ లేదని," అన్నాడు మేనమామ. "నిజమే గదా? ఆడ మీరు కూర్చునేదానికి ఒక తిన్నెన్నా ఉండాదా?"

"నీకు ఊరంటే అద్దె రసీదు," అని నాన్న లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక సాక్షి. మేము మేడ మీద, ఇంటాయన కింద. ఆయన చేపల వేలం వ్యాపారి. ఇల్లు ఆయనదే అయినా మా ఇంట్లో ఆయన పేరు "కిందివాడు". మెట్లు దిగేటప్పుడు ఉత్తరీయంతోనో కొంగుతోనో ముక్కు మూసుకోవడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. ఆ మనిషిని నేనే వెళ్ళి అడగాల్సి వచ్చింది. ఆయన ఉయ్యాలబల్ల మీద ఊగుతూ, ఆపకుండా విన్నాడు.

"పెద్దదొర దిగిరాడు, చిన్నదొరని పంపినాడా? వస్తాలే సామీ. ముక్కు మూసుకోకుండా అడిగినావు, అది చాలు."

సంతకానికి వెళ్ళాల్సిన రోజు నాన్న పెట్టెలోంచి జరీ తలపాగా తీయించాడు. పురుగు కొట్టిన వైపు వెనక్కి తిప్పి చుట్టుకున్నాడు. ఆఫీసులో తాసీల్దారు, ఉంగరాల చేతులు చూసి, చేపల వ్యాపారికి కుర్చీ వేయించాడు. నాన్న నిలబడే ఉన్నాడు.

"వీళ్ళు మీకు ఎన్నాళ్ళుగా తెలుసు?"

"మా అప్పా కాలం నుంచీ మేడ మీదే ఉండారు సార్. ఈళ్ళకి ఇంకో ఊరా? ఎవురు చెప్పింది? పండక్కి గూడా ఊరికి పోయింది నేను చూళ్ళేదు. పోయేదానికి ఏడుంది?"

తాసీల్దారు నవ్వాడు. గుమ్మం దగ్గర మేనమామ కూడా నవ్వాడు. నాన్న తలపాగా కదల్లేదు. ఎప్పుడూ జమీ పేరుతో కలిపి రెండు వరుసల సంతకం పెట్టే మనిషి, ఆ రోజు ఒట్టి పేరు రాసి కలాన్ని ఎంగిలిదానిలా బల్ల మీద పడేశాడు.

బయటికి వచ్చాక చేపల వ్యాపారికి నమస్కారం పెట్టాను. కృతజ్ఞత మాత్రం పుట్టలేదు, ఈనాటికీ పుట్టలేదు. ఆయన మాకు మేలు చేయడానికి రాలేదు. జరీ తలపాగా నిలబడి ఉండగా తాను కుర్చీలో కూర్చోవడానికి వచ్చాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ వచ్చేవాణ్ణి.

సర్టిఫికెట్ సెలెక్షన్‌కు ముందే అందింది. కొంతకాలానికి కాలేజీ బోర్డు మీద పేర్లు వేశారు. చూసుకుని ఇంటికి వచ్చేసరికి నాన్న వీధి వైపు వీపు పెట్టి పడక కుర్చీలో ఉన్నాడు.

"సీటు వచ్చింది," అన్నాను.

"ఎవరికి?"

"నాకే. పేరు పక్కన రాయపురం, మద్రాసు అని వేశారు."

నాన్న ఇటు తిరక్కుండానే వంటింట్లో ఉన్న అమ్మను కేకేశాడు.

"ఎవరో రాయపురం కుర్రాడికి డాక్టరు సీటు వచ్చిందట. ఎండన పడి వచ్చాడు, అన్నం పెట్టు."