ఖాళీ క్యాచ్‌లోంచి వచ్చిన మాట

దయ్యాల కబుర్లు మొదలైతే టీ వంకతో లేచిపోయే మనిషిని నేను. ప్రోగ్రాములు రాసి బతికేవాడిని. తప్పు జరిగితే దానికో కారణం ఉంటుందన్న నమ్మకం మీదే నా ఉద్యోగం నడుస్తోంది.

పురానాపూల్ దగ్గర ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం గ్రూపు చెప్పే మెషీన్ ఉంది. దానితో మాట్లాడే పాత కోడ్‌ను సి ప్లస్ ప్లస్‌లో రాసింది నా సీనియర్ యాదగిరన్న. ఆయన చనిపోయి రెండేళ్లయింది. తెర మీద ఫలితం చూపించే కొత్త ప్రోగ్రాము నాది, సి షార్ప్‌లో. రెంటినీ కలిపేది కామ్ ఇంటరాప్. అటు తప్పు జరిగితే ఇటు ఒక ఎర్రర్ నంబరు వస్తుంది, ఇక్కడ అది ఎక్సెప్షన్, అంటే పని ఆపేసే హెచ్చరిక అవుతుంది. యాదగిరన్న కోడ్ ఆ నంబరు తప్ప ఒక్క మాట కూడా పంపదు.

కేబుల్ కాస్త కదిలినా తెర మీద ఎర్రర్ డబ్బా వస్తోందని ల్యాబ్ వాళ్లు ఒకటే లొల్లి. విసుగొచ్చి, ఎక్సెప్షన్‌ను పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేశాను. పట్టుకున్నాక ఏం చేయాలో రాసే చోటు, క్యాచ్ బ్లాక్, ఖాళీ. డబ్బాలు ఆగిపోయాయి, అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఒక మధ్యాహ్నం ల్యాబ్ టెక్నీషియన్ సుజాత ఫోన్ చేసింది.

"అన్నా, గీ డబ్బా ఏంది? 'తమ్మీ, జర ఆగు' అని వచ్చింది. ఈడ కాన్పు పేషెంటుకు రక్తం అర్జెంటున్నది."

నేను ఏ కోడ్ పంపబోయినా భుజం మీద చెయ్యేసి ఆ మాట అనేది యాదగిరన్న ఒక్కడే.

"రక్తం ఎక్కియ్యకుర్రి. చేత్తో ఇంకోసారి చూడు," అన్నాను.

చేత్తో చేస్తే ఓ పాజిటివ్ అని తేలింది. తెర మీద ఉన్నది బి పాజిటివ్. అది ఆమెది కాదు, అంతకుముందు పేషెంటుది. మెషీన్ చదవలేక నంబరు పంపింది, నా ఖాళీ క్యాచ్ దాన్ని మింగేసింది, పాత ఫలితం తెర మీద అలాగే ఉండిపోయింది.

సాయంత్రం వెళ్లి రెండు కోడ్‌లూ మొదటి నుంచి చదివాను. ఆ మాట ఎక్కడా లేదు. డబ్బా చూపించే లైను నేనే తీసేశాను. జరిగినవన్నీ నమోదయ్యే మెషీన్ లాగ్‌లో నంబరొక్కటే ఉంది. సుజాత యాదగిరన్నను ఎన్నడూ చూడలేదు, ఆయన పేరు కూడా వినలేదు.

క్యాచ్ అప్పుడే సరిచేశాను. బయటికి వస్తుంటే ఆ పేషెంటు అత్తగారు నా రెండు చేతులూ పట్టుకుంది.

"దేవుని లెక్క ఫోన్ల జెప్పినవంట బిడ్డా!"

తల వంచుకుని వచ్చేశాను. ఆ డబ్బా ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ అంతుబట్టలేదు. ఆ ముసలమ్మకు నిజం ఎందుకు చెప్పలేకపోయానో మాత్రం తెలుసు.