బతికున్న హోస్టుకి దండేసిన వైనం

నిక్షేపంగా తిరుగుతున్న మనిషికి పన్నెండుమంది అమెరికన్ల చేత శ్రద్ధాంజలి ఘటింపజేసిన మహానుభావుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూసుకోండి, నేనే. ఆ ఘనకార్యంలో నా గ్రీన్‌కార్డు కాస్తా గాల్లో దీపమైంది.

అప్పటికి అమెరికాలో, ఎడిసన్ ఊళ్ళో ఆ ఆఫీసులో చేరి రెండేళ్ళు. పొద్దున్నే కాఫీ దగ్గర మా టీమంతా ముందురోజు షోలో పెద్దాయన వేసిన జోకులు చెప్పుకుని పడీపడీ నవ్వేది. పెద్దాయనంటే, ముప్పయ్యేళ్ళుగా కోటు తొడుక్కుని అర్ధరాత్రి దాకా దేశాన్ని నవ్వించే టీవీ హోస్టు. ఆ టైముకి నేను గుర్రుపెట్టే రకం. కానీ మా మేనేజర్ కేథీ ఆయనకి వీరాభిమాని. నా గ్రీన్‌కార్డు ఫైలు కదలాలంటే ఆవిడ సిఫారసు లెటర్ రాయాలి. అందుకని ఒకరోజు ఓ కోత కోశాను. "నేనా? ఒక్క ఎపిసోడ్ కూడా మిస్సవ్వను!" అప్పట్నుంచి అందరూ నవ్వడం మొదలుపెట్టాక అర సెకను ఆగి నేనూ నవ్వేవాణ్ణి.

"చూడని షో గురించి ఈ కోతలేంటి? ఏదో రోజు దొరికిపోతావ్," అనేది మా ఆవిడ సునీత.

"నీకు తెలీదు ఊరుకో. దీన్ని నెట్‌వర్కింగ్ అంటారు."

ఒక గురువారం పొద్దున ఆఫీసుకి వెళ్ళేసరికి కాఫీ దగ్గర నవ్వుల్లేవు. పక్క సీటు బాబ్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ముప్పయ్యేళ్ళు! నిన్నటితో అంతా అయిపోయింది, ప్రసాద్," అన్నాడు. కేథీ ముక్కు చీదుతూ, "అంత మంచి మనిషి మళ్ళీ రాడు. మా నాన్నా నేనూ కలిసి చూసేవాళ్ళం. రేపు లంచ్‌లో అందరం ఆయన జ్ఞాపకాలు చెప్పుకుందాం. నువ్వే ముందు మాట్లాడాలి," అంది.

మన దగ్గర ఊపిరున్నంత వరకు ఎవడూ కుర్చీ వదలడు. ఊపిరి పోయేదాకా మనం ఎవణ్ణీ మెచ్చుకోం. ఇక్కడేమో కుర్చీ ఖాళీ, పొగడ్తలు ధారాళం. ఇంకేముంది, పెద్దాయన పోయాడని తేల్చేశాను.

ఒక్కసారి నెట్‌లో చూసుకోవచ్చు కదా అంటారా? చూశానండీ! ఫ్రేము కట్టించడానికి ఫొటో వెతికితే, దాని కింద వేలమంది "మిస్ యూ" అని రాసి ఏడుపు బొమ్మలు పెట్టారు. అంతకన్నా డెత్ సర్టిఫికెట్ ఇంకేం కావాలి? సాయంత్రం మన ఇండియన్ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌కి డ్రైవ్ చేసి చామంతి దండ, అగరొత్తులు కొన్నాను. "ఇంతకీ ఎలా పోయాడట?" అంది సునీత. "పోయినవాళ్ళ గురించి అలాంటివి అడక్కూడదు," అని కసిరాను.

శుక్రవారం లంచ్ రూములో అడుగుపెడితే కేకు, బెలూన్లు! పాపం వీళ్ళ ఆచారం కాబోలని సర్దుకున్నాను. బల్ల మీద ఫొటో పెట్టి, దండ వేసి, అగరొత్తులు గుచ్చాను. ఫైర్ అలారం మోగుతుందని బాబ్ వాటిని వెలిగించనివ్వలేదు.

"ఎంత అందంగా ఉందో! మీ పెళ్ళిళ్ళలో వేస్తారే, అలాంటి దండ కదూ!" అని కేథీ మురిసిపోయింది.

నేను గొంతు సవరించుకున్నాను. "ఆఖరి క్షణాల్లో ఆయన బాధపడలేదనే అనుకుంటున్నాను."

"లేదు లేదు, నవ్వుతూనే వెళ్ళాడు," అన్నాడు బాబ్.

"పుణ్యాత్ముడు. ఆ భార్య ఎలా తట్టుకుంటోందో పాపం."

"ఆవిడకేం? ఆనందంగా ఉంది! ఇక ఆయన్ని ఇంట్లోంచి కదలనివ్వనంటోంది."

"ఇంట్లోనే ఉంచుతుందా? ఎన్నాళ్ళు?"

"ఎన్నాళ్ళేంటి, ఇక ఎప్పటికీ!"

ఆ అగరొత్తులేవో ఆవిడకి పంపితే బాగుండుననిపించింది. "అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం," అన్నాను. ఇండియా పద్ధతనుకుని అందరూ భక్తిగా లేచి తలలు వంచారు.

సరిగ్గా అప్పుడే గోడ మీది టీవీలో పెద్దాయన ప్రత్యక్షమయ్యాడు. నిక్కరు వేసుకుని, ఇంటి గేటు దగ్గర నిలబడి, "ఈ పొద్దున పదింటిదాకా పడుకున్నాను. రేపు చేపలు పట్టడానికి పోతున్నా!" అంటున్నాడు.

"ఓరి నాయనో, బతికే ఉన్నాడు!" అని కేక పెట్టాను. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో.

కేథీ తలెత్తింది. "ఆయన రిటైరయ్యాడు ప్రసాద్. చనిపోయాడనుకున్నావా?"

నేను ఫొటో మీది దండ మెల్లగా తీయబోయాను.

"అయితే బుధవారం ఆఖరి షో చూడలేదా?"

"లేదు."

"అంతకు ముందువి?"

"యాడ్స్‌లో చూశాను."

"రెండేళ్ళుగా నాకు అబద్ధం చెప్తున్నావా? సోమవారం నీ గురించి నేను సంతకం పెట్టి లెటర్ ఇవ్వాలి!"

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నా అబద్ధం కేకు కోసేలోపే తెలిసిపోయింది. ఇల్లు, కారు లోను, సునీత ముఖం వరసగా కళ్ళ ముందు తిరిగాయి.

అంతలో బాబ్ చిన్నగా దగ్గాడు. "కేథీ, నిజం చెప్పాలంటే నేనూ తొమ్మిదింటికే పడుకుంటా. జోకులు పొద్దున ఫోన్‌లో చదువుకొస్తా." ఇంకొకాయన చెయ్యెత్తాడు. తర్వాత ఇంకొకావిడ. నిన్న కన్నీళ్ళు తుడుచుకున్న అభిమానులు ఒక్కొక్కరే తేలిపోయారు. చివరికి కేథీ కూడా కుర్చీలో కూలబడి, "మా నాన్న పోయాక నేనూ చూడలేదు. పదేళ్ళయింది," అంది. ఇలాంటి అభిమానులుంటే ఆ మహానుభావుడు రిటైర్ కాక ఇంకేం చేస్తాడు చెప్పండి!

సోమవారం లెటర్ వచ్చింది. విప్పి చూశాను. అందులో కేథీ ఒకే ఒక్క వాక్యం కొత్తగా చేర్చింది: "ప్రసాద్ అమెరికన్ జీవన విధానాన్ని పూర్తిగా ఒంటబట్టించుకున్నాడని ధ్రువీకరిస్తున్నాను."

కనుక పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నలుగురూ కలిసి ఎవరినెంత పొగిడినా సరే, నాడి పట్టుకుని చూడందే ఇక నేను దండ వెయ్యను.