శుక్రవారం కంప్యూటర్

కోరుట్ల బస్టాండు దగ్గర మా బావ నెట్ సెంటర్ పెట్టిన కొత్తలో మాకున్నవి ఐదు కంప్యూటర్లు, ఒక్క నెట్ లైను, ఒకే ఒక్క కెమెరా. బావ అంటే మా అక్క భర్త. దుబాయి నుంచి తిరిగొచ్చి, మళ్లీ పోనని ఒట్టేసుకుని ఆ దుకాణం తెరిచాడు. నేనేమో జగిత్యాలలో కంప్యూటర్ కోర్సు ముగించి, లోకంలో నాకు తెలియనిది లేదన్నట్టు తిరుగుతున్నాను.

శుక్రవారం వస్తే దుకాణం కిక్కిరిసిపోయేది. గల్ఫులో సెలవు ఆ రోజే. బోర్లు ఎండి మగవాళ్లు వలసపోయిన ఊళ్ల నుంచి ఆడవాళ్లు ఆటోలెక్కి వచ్చేవారు. సరిగ్గా ఆ రోజే కంప్యూటర్లు మొరాయించేవి. అన్నింట్లోనూ కాపీ సీడీతో ఎక్కించిన విండోసే, దాని నిండా వైరస్‌లే. ఒకదానికి పట్టిందంటే వైరు వెంట మిగతా వాటికీ పాకేది. మాట మధ్యలో తెగిపోయి ఒకామె ఏడుస్తూ వెళ్లిపోయిన రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

"విండోస్ పీకేసి అన్నిట్ల లినక్స్ ఎక్కిద్దాం బావా. వైరస్ లొల్లి ఉండది."

"అచ్చేటోళ్లకు గా విండోసే సక్కగ రాదు. కొత్తది వెడితె బెదురుతరు బామ్మర్ది."

"చాట్ బొమ్మ ముంగట్నే వెడత. నొక్కుతరు, మాట్లాడుతరు. గంతే."

గురువారం పొద్దున్నుంచి కూర్చుని ఐదింటికీ ఎక్కించాను. పేజీలు చకచకా తెరుచుకుంటుంటే ఈల వేయాలనిపించింది! అప్పుడే మేడిపల్లి నుంచి ఒకామె, పసిపిల్లకు సూది వేయించడానికి వచ్చి, మా దుకాణం ఎక్కింది.

"తమ్మీ, రేపు కెమెరా నాకే వెట్టు. గీ పొల్ల పుట్టకముందే ఆయన గల్ఫుకు పోయిండు. ఎల్లుండి ఎడారిల క్యాంపుకు తోల్తరట. ఆడ నెట్టు లేదు, ఫోను లేదు. ఒక్కపారి జూడనియ్యి."

సరేనని కెమెరా తగిలించాను. ఉలుకూ పలుకూ లేదు. దాంతో వచ్చిన సీడీ విండోస్‌కు తప్ప పనికిరాదట.

"ఏంది బామ్మర్ది, నీ లినక్స్‌కు కండ్లు గనవడయా?" అన్నాడు బావ.

సాయంత్రందాకా కుస్తీ పట్టినా లాభం లేకపోయింది. శుక్రవారం షట్టర్ ఎత్తగానే, పౌరుషం పక్కనపెట్టి, మూలనున్న ఒక్కదాంట్లో మళ్లీ విండోస్ మొదలుపెట్టాను. అన్నింటికీ నెట్ లైను పంచే కంప్యూటర్‌తో సహా మిగతావి లినక్స్‌లోనే ఉంచాను. పని సగంలో ఉండగానే ఆమె పిల్లతో వచ్చి కూర్చుంది. ఇంకా ఇన్ని నిమిషాలని తెర మీద చూపించే అంకె కదిలితే ఒట్టు. తిట్టిన నోటితోనే ఆ విండోస్‌కు దండం పెట్టుకున్నాను.

కెమెరా లైటు వెలిగింది! "అచ్చింది, అచ్చింది!" అని నేను గంతులేస్తుంటే పక్క కంప్యూటర్ల దగ్గరి ఆడవాళ్లంతా లేచి వచ్చారు. తెర మీద అతని ముఖం, వెనక గదిలోవాళ్ల తలలు. బొమ్మ ఆగి ఆగి కదిలింది కానీ లైను తెగలేదు. అంతమందిలో సిగ్గుపడి ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుని, పిల్లను రెండు చేతులా కెమెరా ముందుకు ఎత్తింది. పిల్ల కెమెరాను నోట్లో పెట్టుకోబోయింది. దుకాణమంతా నవ్వింది. అవతల అతను కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

కాసేపటికి స్పీకర్లో అతని గొంతు వినిపించింది.

"పొల్లను జూసిన. ఇగ జర పక్కకు వట్టుకో. నువ్వు గనవడుతలెవ్వు."

ఆమె పిల్లను ఒళ్లోకి దించుకుని, కొంగు తీసి, కెమెరా వైపు చూసింది. బావ అందరినీ బయటికి పంపించాడు, నన్ను కూడా.