పిండిలో తాత అడుగులు

పోయినేడు మా తాత చనిపోయినప్పుడు, దినాల ముందటి రోజుల్లో ఒక సాయంత్రం నానమ్మ ఆయన కన్నుమూసిన చోట బియ్యప్పిండి పలచగా పరిచి, పైన గంప బోర్లించింది. తెల్లారి పిండిలో ఏ జీవి అడుగులుంటే తాత ఆ జన్మ ఎత్తినట్టు. మా వేములపల్లిలో చాలా ఇళ్లలో చేసేదే. పక్కింటి పెద్దాయన ఆవుగా తేలాడు. గంప కింద ఆవు ఎట్లా పట్టిందని అడిగే ధైర్యం నాకు లేదు. ఊళ్లో ఇంతవరకు ఎవరూ పందిగా తేలకపోవడం కూడా నాకు వింతే.

నానమ్మకు మాత్రం ఇది ఆట కాదు. తాత ఏమయ్యాడో తెలిసేదాకా అన్నం ముట్టనని కూర్చుంది. అప్పటికే గొంతు కూడా సరిగా రావడం లేదు.

తెల్లారి గంప ఎత్తితే పిండినిండా గజిబిజి గీతలు. మధ్యలో అరచెయ్యంత రెక్కల పురుగు. ఆకుపచ్చ రెక్కల మీద గులాబీ, తెలుపు సుడులు.

"గబ్బిలం పిల్ల," అన్నాడు బాబాయి.

"నువ్వు ఊకో. పుస్తకాలు సదివేది గిదొక్కతే. ఏందో సెప్పు బిడ్డా," అంది నానమ్మ.

అందరూ నావైపు తిరిగారు. మిర్యాలగూడ పంతులమ్మ ఇచ్చిన పురుగుల బొమ్మల పుస్తకం నా పెట్టెలో చీరల అడుగున ఉన్న సంగతి బయటపడిందని చెవులు వేడెక్కాయి. ఆ పుస్తకంలో ఈ పురుగు రంగుల బొమ్మ ఉంది.

"దీపానికి వచ్చే జాతి నానమ్మా. చిన్నప్పుడు గన్నేరు ఆకులు తిని పెరుగుతది," అన్నాను నేల చూస్తూ.

"గన్నేరు విషం గద!" అన్నాడు బాబాయి.

"విషం తిని బతికేటోడంటే మీ నాయినే," అంది నానమ్మ. అయినా అనుమానం తీరలేదు. "ఇంకొక దినం సూస్త. గీయన పద్ధతులు నాకెరికే."

రజాకార్ల భయం తగ్గాక కోదాడ నుంచి మా ఇంటికి రాగలిగిన మేనమామ మెడలో డబ్బా కెమెరా ఉంది. "ఫొటో తీద్దాం అత్తయ్యా. మామయ్యగారికి ఒక్కటీ లేదుగా," అన్నాడు. కానీ ఆ కెమెరాకు దగ్గరి వస్తువు మసకగా వస్తుంది. నేను లోపలికెళ్లి, తాత చదువుకునే కళ్లద్దాలు తెచ్చి కెమెరా కన్నుకు అడ్డంగా పట్టాను.

"ఓసినీ! ఎక్కడ నేర్చావే ఇది?" అన్నాడు మేనమామ.

పురుగును పిండితో సహా పళ్లెంలోకి ఎత్తి ఎండలో పెట్టాం. తర్వాత సూర్యాపేటలో కడిగించిన ఫొటోలో రెక్కల సుడులన్నీ స్పష్టంగా వచ్చాయి, పక్కన నా బొటనవేలితో సహా. తాత బతికుండగా ఇంత కదలకుండా ఎప్పుడూ కూర్చోలేదు.

బల్లి తింటుందని నానమ్మ పురుగును మళ్లీ గంప కింద పెట్టించింది. తను ఆ రోజూ అన్నం ముట్టలేదు.

మర్నాడు గంప ఎత్తగానే పురుగు ఒళ్లంతా వణికించి, గోడ దాటి ఎగిరిపోయింది. గంప లోపల మాత్రం లేతాకుపచ్చ పూసలు అతుక్కుని ఉన్నాయి.

"గివేంది?" అన్నాడు బాబాయి.

మగవాళ్ల ముందు ఆ మాట ఎట్లా చెప్పాలి? నానమ్మ చెవిలో చెప్పాను. ఆమె లేని గొంతు తెచ్చుకుని ఇల్లంతా వినబడేట్టు అంది: "గుడ్లా? అంటే ఆడదా!"

బాబాయి ముఖం మాడిపోయింది. "మా నాయిన ఆడపుట్టుక పుట్టిండా? దినాలకు వచ్చినోళ్లకు ఏం చెప్పాలె? అది ఆయన కాదు, ఖతం!"

నానమ్మ గంపను వెలుతురుకు తిప్పి గుడ్లను చాలాసేపు చూసింది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది.

"తొమ్మిది కాన్పులల్ల ఒక్కసారన్న వచ్చి ఎట్లున్నవని అడగలే. ఇగ తెలుస్తది." ఖాళీ గోడవైపు చూసింది. "గుడ్లు పెట్టి, ఎనక్కి సూడకుండ ఎల్లిపోయిండు. అనుమానమెందుకు, గాయనే!"

బాబాయిని పక్కకు నెట్టి పీట వాల్చుకుంది.

"అన్నం పెట్టు బిడ్డా. జర పప్పు ఎక్కువెయ్యి."