రొట్టెల బండికి షాంపూ స్నానం

పోయిన ఏడాది తార్నాకలో మనవరాలు స్వాతి దగ్గరికి వచ్చిన కొత్తలో మాట ఇది. తను చదివే యూనివర్సిటీలో, హాస్టల్ ముందు జొన్నరొట్టెల బండి పెట్టాలని నా కోరిక. పర్మిషన్ కావాలంటే వ్యాపార ప్లాన్ రాసివ్వాలన్నారు. స్వాతి కంప్యూటర్‌లో ఉచితంగా దొరికిన నమూనా ఒకటి తీసి, పైన మా బండి పేరు పెట్టింది.

"అమ్మమ్మా, ఇందుల మనకు పనికిరానియి చాన ఉన్నయ్. తీసేస్తున్న."

"ఫుకట్ల వచ్చినదాన్ని పారేస్తవా? ఉండనియ్, ప్లాను నిండుగ కనిపిస్తది" అని కసిరాను.

మర్నాడు యూనివర్సిటీ ఆఫీసులో పర్మిషన్లిచ్చే సారు దాన్ని పైకి చదివారు. "వచ్చిన ప్రతి కస్టమర్‌కు షాంపూతో స్నానం చేయించి, పేలు ఏరి, గోళ్లు కత్తిరించి యజమానికి అప్పగిస్తాం."

గదంతా గొల్లున నవ్వింది. "అది కుక్కల పార్లర్ నమూనా అమ్మమ్మా" అని స్వాతి నా చెవిలో గొణిగింది. బండి ఆశ పోయినట్టే అనుకున్నాను. అయినా తగ్గలేదు.

"ఏంది సారూ, నవ్వుతున్నరు? మీ హాస్టల్ పోరగాండ్ల గోళ్లు ఎన్నడన్న జూసిన్రా? అవి కత్తిరియ్యకుంట నా రొట్టె ముట్టనియ్య!"

సారు కళ్లు తుడుచుకుంటూ సంతకం పెట్టారు. ఇప్పుడు పిల్లలు బండి దగ్గరికి రాగానే చేతులు చాపి గోళ్లు చూపిస్తారు. ఒకడైతే తలస్నానం కూడా చేసొచ్చానంటాడు. ఉచితంగా వచ్చినదేదీ వృథా పోదని నాకు ఆ రోజే రుజువైంది.

– నర్సమ్మ, తార్నాక